తాపీ తడవని రోజులు

ఫిబ్రవరి 4

అమ్మాయికి, మీ మావయ్య రాసేది. నా ఒంటికేమీ లేదు. ఒళ్ళు మండుతోంది, అంతే.

నిన్న మీ దేశం నుంచి ఖాకీ కవరు ఒకటి వచ్చింది. నీ ఉత్తరమేమో అని సంబరంగా చించాను. చూస్తే అచ్చు కాగితం. ఎదురుకొట్టు టైపు మాస్టారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివి, అది అక్కడి ఆదాయపు పన్ను ఆఫీసు వాళ్ళదనీ, నేను పోయినేడు అక్కడ సంపాదించినదానికి లెక్క దాఖలు చెయ్యాలనీ చెప్పాడు. నేను వచ్చేసి నాలుగు నెలలు దాటింది. ఇంకా నా వెనక ఎందుకు పడుతున్నారు?

నేనేమన్నా వస్తానన్నానా? వాళ్ళే పిలిచారు. నూరేళ్ళ నాటి హాలు గోడలకు సిమెంటు పూసి పాడుచేసుకున్నారు. అది పెచ్చులూడుతుంటే సున్నం పని తెలిసినవాడు కావాలని ఎక్కడెక్కడో వెతికి నా సున్నపు గుంట దగ్గరికి వచ్చారు. యూనివర్సిటీలో పాత కట్టడాల విభాగమట. విజిటింగ్ స్కాలర్ అని మెడలో కార్డు వేశారు. అంటే అతిథి పండితుడని, పిలుపు కాగితం చదివినప్పుడే టైపు మాస్టారు చెప్పాడు. బడి మొహం చూడనివాణ్ణి పండితుణ్ణి చేశారు, సరేననుకున్నాను. ఇప్పుడు అదే ప్రభుత్వం ఈ కాగితంలో నన్ను ‘నివాసం లేని పరదేశి’ అని రాసింది. పిలిచేటప్పుడు పండితుడు, పంపేశాక పరదేశి.

పన్ను అంటావా, నెలనెలా జీతంలో కోసుకునే ఇచ్చారు. ఆ చీటీలన్నీ దాచాను. కోసుకున్నది చాలక, ఎంత కోశామో నువ్వే లెక్క రాసి పంపు అనడం ఏం మర్యాద? నా పనిలో అయితే, గోడ అయ్యాక యజమాని చూసుకుంటాడు, చేత్తో తడిమి చూసుకుంటాడు, నేను తాపీ కడుక్కుని వచ్చేస్తాను. నాలుగు నెలలు పోయాక మనిషిని పంపి, ఆ రోజు ఎన్నిసార్లు తాపీ ఎత్తావో చెప్పమని ఏ యజమానీ అడగలేదు.

నువ్వు వెళ్ళి వాళ్ళకు చెప్పు. మావయ్య ఎవరికీ బాకీ లేడని చెప్పు. ఫోన్ చెయ్యకు. ఆ యంత్రంలో మాట నా మంచి చెవికి కూడా అందడం లేదు.

సెప్టెంబరులో మళ్ళీ పిలుస్తామన్నారు కదా, ఆ సంగతీ కనుక్కో. జూలైలో అక్కడ గుంటలో వేసిన సున్నం అప్పటికి పద్నాలుగు నెలలు నానుతుంది. మెరుగు పొరకు అంతకన్నా మంచి సున్నం నా జన్మలో నానబెట్టలేదు. ఆ పొర పూస్తేనే గోడ పూర్తయినట్టు. లేకపోతే చొక్కా తొడిగి బొత్తాలు పెట్టకుండా వదిలేసినట్టే.

మీ మావయ్య


ఫిబ్రవరి 17

మావయ్యా,

నీ ఉత్తరం అందింది. నువ్వు ఎంత గట్టిగా కలం నొక్కావో కాగితం వెనకవైపు తడిమినా తెలుస్తోంది.

ముందు కోపం తగ్గించుకో. వాళ్ళు నిన్ను దొంగ అనడం లేదు. ఇక్కడ చదువు చెప్పడానికో, చదువుకోవడానికో బయటి దేశాల నుంచి వచ్చిన ప్రతివాళ్ళూ ఇది దాఖలు చెయ్యాలి. వెళ్ళిపోయినా చెయ్యాలి. కట్టాల్సింది ఏమీ లేకపోయినా, ఏమీ లేదని చెప్పడానికే చెయ్యాలి. పెద్ద పెద్ద ప్రొఫెసర్లే జుట్టు పీక్కుంటూ నింపుతారు. పరదేశి అన్నది తిట్టు కాదు, ఫారంలో ఒక గడి పేరు.

నీ విభాగం ఆఫీసావిడకు ఫోన్ చేశాను. ఆవిడ ఒక మాట సూటిగా చెప్పింది. ఈ కాగితం సరిగ్గా దాఖలైతేనే సెప్టెంబరుకు నీ అనుమతి పత్రం అడగగలరట. కాకపోతే అడగలేరట. అంటే నువ్వు రాలేవు. గుంటలో సున్నం సంగతి ఏమిటని అడిగాను. ఇంకెవరినో చూసుకోవాలి, దొరక్కపోతే పారబోస్తారేమో, ఆ స్థలం వేరే పనికి కావాలంటున్నారని చెప్పింది. నేను నీకు దాచి చెప్పడం ఎందుకు?

కాబట్టి ఫారం పంపుతున్నాను. నేను నింపగలిగిందంతా నింపాను. పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టినచోట నువ్వు సిరాతో సంతకం చెయ్యాలి. కంప్యూటర్లో పంపితే నీలాంటివాళ్ళకు కుదరదట, కాగితమే వెళ్ళాలి. ఎన్ని రోజులు ఉన్నావో రాసే గడి ఒకటి ఖాళీగా ఉంచాను. నువ్వు వచ్చిన తేదీ నాకు గుర్తులేదు, అది నువ్వే వెయ్యి. గడువు మార్చి నెలాఖరు. నాకు తిప్పి పంపితే ఆలస్యమవుతుంది, నేరుగా వాళ్ళకే రిజిస్టర్ పోస్టులో పంపు. చిరునామా కవరు మీద రాసే ఉంచాను.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మా ల్యాబుకు ఈ నెల కట్టుడు పళ్ళ ఆర్డర్లు ఎక్కువ. పొద్దున్నుంచి పళ్ళ అచ్చుల్లో ప్లాస్టర్ పోస్తూనే ఉన్నాను. నువ్వు నవ్వుతావని తెలుసు. ‘నేను గోడలకు పూస్తే మా అమ్మాయి చిగుళ్ళకు పూస్తోంది’ అని నువ్వు ఇక్కడ అందరికీ చెప్పి వెళ్ళావు. మా యజమాని ఇప్పటికీ అదే అంటున్నాడు.

మెడకు గుడ్డ చుట్టుకో. సున్నపు దుమ్ములో దగ్గుతూ కూర్చోకు.

నీ మేనకోడలు


మార్చి 3

అమ్మాయికి,

పని అయిపోయింది. ఫారం నింపి, సంతకం పెట్టి, రిజిస్టర్ చేసి రసీదు తెచ్చుకున్నాను. ఇంత చిన్నదానికి అంత గోల పెట్టాను, నాకే సిగ్గేసింది.

రెండుచోట్ల నా చెయ్యి పడింది. చెప్పకుండా దాచే అలవాటు నాకు లేదు.

మొదటిది. నా పని ఏమిటన్న గడిలో నువ్వు ‘పరిశోధన’ దగ్గర గుర్తు పెట్టావు. టైపు మాస్టారు చదివి చెప్పగానే నాకు తిక్క రేగింది. నేనేం పరిశోధించాను? తెలియనివాడు వెతుక్కుంటాడు. నాకు తెలుసు కాబట్టే పిలిచారు. అది కొట్టేసి ‘బోధన’ దగ్గర గుర్తు పెట్టించాను. పన్నెండుమంది పిల్లలకు సున్నం కాల్చడం, చల్లార్చడం, గానుగలో రుబ్బడం, గోడకు ఎక్కించడం నేర్పాను. అందులో నలుగురికి చెయ్యి కుదిరింది. ఇది బోధన కాకపోతే ఏది?

రెండోది రోజుల గడి. అందులో నూటపన్నెండు అని వేశాను. నా చేత్తో వేశాను.

ఈ అంకె దగ్గర నన్ను ఎవడూ వేలెత్తి చూపలేడు. నా రుద్దుడు చెక్క నువ్వు చూశావు కదా, టేకుది, మా నాన్న నుంచి వచ్చింది. దాని వీపు మీద, తాపీ తడిసిన ప్రతిరోజుకీ సాయంత్రం ఒక గీత చెక్కుతాను. తాపీ తడవని రోజు రోజు కాదు. గోడ ఆరుతుంటే, మబ్బేసి పని ఆగితే, మనం గోడ ముందు కూర్చుని ఉంటే గీత పడదు. అక్కడికి వెళ్ళిన కొత్తలో చలికి రెండు నెలలు నీళ్ళే గడ్డకట్టాయి, ఒక్క గీతా లేదు. చెక్క తీసి, అక్కడ చెక్కిన గీతలు మూడుసార్లు లెక్కపెట్టాను. నూటపన్నెండు.

నీకు ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. పదహారేళ్ళప్పుడు ఒక పెద్ద ఇంట్లో పనికి వెళ్ళాం. పూత ఆరే రోజు నేను గోడ నీడన కూర్చుని, పొద్దుగూకాక ఈ చెక్క అంచున ఒక గీత గీశాను. మర్నాడు మా నాన్న చూశాడు. యజమాని ముందే, కూలీలందరి ముందే, ఉలి తీసి ఆ గీత ఉన్నమేర చెక్కి పారేశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. చెక్కలో ఆ లొట్ట ఇప్పటికీ ఉంది. పూత పూసేటప్పుడు బొటనవేలు సరిగ్గా అందులోనే ఆనుతుంది. అప్పటినుంచి కూర్చున్న రోజుకు గీత పెట్టలేదు.

ఇంకొకడైతే ఉన్నవీ లేనివీ కలిపి పెంచి రాసేవాడు. మీ మావయ్య తగ్గించే రాశాడు. ఆ ఆఫీసులో ఎవరో ఒకరు చూసి మెచ్చుకోకపోరు.

సెప్టెంబరుకు కొత్త చొక్కాలు రెండు కుట్టిస్తున్నాను.

మీ మావయ్య


మార్చి 15

మావయ్యా,

ఏం పని చేశావ్?

నీ ఉత్తరం నిన్న సాయంత్రం ల్యాబు నుంచి వచ్చేసరికి గుమ్మంలో ఉంది. నిలబడే చదివాను. చదువుతూ చదువుతూ మెట్ల మీద కూర్చుండిపోయాను.

వాళ్ళు అడిగింది నువ్వు పనిచేసిన రోజులు కాదు. నీ కాళ్ళు ఈ నేల మీద ఉన్న రోజులు. తిన్నా, పడుకున్నా, కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చున్నా, అన్నీ. దిగిన రోజు నుంచి ఎక్కిన రోజు దాకా. ఆఫీసావిడను తేదీలు అడిగాను. జనవరి పదిన దిగావు, సెప్టెంబరు ఇరవైతొమ్మిదిన ఎక్కావు. రెండువందల అరవైమూడు రోజులు. నీ పాస్‌పోర్టులో ముద్రలు ఉన్నాయి. వాళ్ళ దగ్గరా ఉన్నాయి.

దీనివల్ల ఏమవుతుందో తెలుసా? ఇక్కడ నూట ఎనభై రోజులు దాటినవాళ్ళకు ఒక లెక్క, దాటనివాళ్ళకు ఒక లెక్క. తక్కువ రోజులు రాస్తే తక్కువ పన్ను. నువ్వు నూటపన్నెండు రాశావు. వాళ్ళ కళ్ళకు అది నిజాయితీలా కనిపించదు మావయ్యా, ఎగ్గొట్టడంలా కనిపిస్తుంది. అబద్ధపు లెక్క ఇచ్చాడని ఒకసారి రాసుకున్నారంటే సెప్టెంబరు కాదు కదా, ఇంకెప్పుడూ రానివ్వరు.

అన్నిటికీ నీ పట్టుదలేనా? ప్రతి కాగితం మీదా నీ గొప్ప చెప్పుకోవాలా? గడిలో ఏం రాయాలో తెలియకపోతే టైపు మాస్టారిని అడగొచ్చుగా.

ఇవాళ పొద్దున్న సెలవు పెట్టి పన్ను ఆఫీసుకు ఒక ఉత్తరం రాసి పంపాను. మా మావయ్య పెద్దవాడు, చదువు రాదు, ఫారం అర్థంకాక తప్పు అంకె వేశాడు, దయచేసి మన్నించండి అని రాశాను. అలా రాస్తే జాలిపడి వదిలేస్తారని ఇక్కడివాళ్ళు చెప్పారు. ఇంక నువ్వేమీ కదపకు. వాళ్ళనుంచి ఏ కాగితం వచ్చినా నాకు పంపు. నువ్వు కలం పట్టకు.

నీ మేనకోడలు


ఏప్రిల్ 9

పళ్ళ ల్యాబులో పనిచేసే అమ్మగారికి,

కలం పట్టకు అన్నావు. పట్టాను.

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలైంది. జవాబు రాయకూడదనే అనుకున్నాను. నిన్న వాళ్ళ నోటీసు వచ్చింది. నేను చెప్పిన రోజులకూ సరిహద్దు ముద్రలకూ పొంతన లేదట. మే ఇరవైలోగా సంతకంతో వివరణ చేరాలట. చేరకపోతే తప్పుడు లెక్క ఇచ్చినట్టు రాసుకుంటారట. కింద ఇంకో ముక్క ఉంది. దాఖలుదారు నిరక్షరాస్యుడని ఆయన బంధువు తెలియజేసినందున, ఆయన తరఫున బాధ్యతగల వ్యక్తి ఎవరైనా సంతకం చెయ్యవచ్చునట. టైపు మాస్టారు ఆ ముక్క చదవకుండా దాటెయ్యబోయాడు. నేనే చదివించాను. కొట్టులో జిరాక్సుకు వచ్చినవాళ్ళు ముగ్గురున్నారు. తల కొట్టేసినట్టయింది.

నాకు చదువు రాదా? ఎవరు చెప్పారు నీకు? మా అక్క పోయాక నువ్వు మా ఇంటికి వచ్చేసరికి నీకు ఆరేళ్ళు, నాకు నలభై. బడినుంచి వచ్చి, నీ పలక నా ఒళ్ళో పెట్టి, నా వేళ్ళు పట్టుకుని దిద్దించావు. సున్నానికి పగిలిన వేళ్ళు, బలపం నిలిచేది కాదు. నువ్వు కసిరేదానివి. నా పేరు వేలిముద్రతో గడిచిపోతుంది, నా సరుకు పేరు నేర్పమంటే ‘సున్నం’ అని నేర్పావు. ఆ అక్షరాలతోనే ఇది రాస్తున్నాను. ఇవి చదువు కాకపోతే నేర్పినదానివి నువ్వే, నీకే చెప్పుకో.

నేను ఫారం అర్థంకాక రాయలేదు. తప్పు రాయలేదు. అబద్ధం అసలే రాయలేదు. జాలి ఎవరు అడిగారు? జాలిపడి వదిలేస్తే సంతోషించి గోడ పుయ్యడానికి మళ్ళీ రావాలా?

ఇంకొక మాట. ఇది నువ్వూ ఆలోచించలేదు, వాళ్ళూ ఆలోచించలేదు. వాళ్ళు నెలకింత అని ఇచ్చినదాన్ని నేను నూటపన్నెండు రోజుల కూలి అనుకునే తీసుకున్నాను. మంచి కూలి, దూరం నుంచి పిలిచిన మేస్త్రీకి ఇవ్వదగిందే అనుకున్నాను. ఇప్పుడు రెండువందల అరవైమూడు అని నా చేత్తో రాస్తే ఏమిటి అర్థం? నూట యాభైఒక్క రోజులు ఊరికే కూర్చుని తిన్నానని నేనే ఒప్పుకున్నట్టు కాదా? యాభై ఏళ్ళు చెక్క మీద నిలబెట్టుకున్నది ఒక్క గడిలో పోగొట్టుకోమంటావా? వాళ్ళు దొంగ అంటారని భయపడి నాకు నేను దొంగనవ్వాలా?

సంతకం పెట్టను. రాను. ఆ సున్నం మరుగుదొడ్లకు వేసుకోమను. కొత్త చొక్కాలు దర్జీ దగ్గరే ఉన్నాయి, తీసుకోలేదు.

నువ్వు ఇంక రాయనక్కర్లేదు.

మేస్త్రీ


ఏప్రిల్ 24

మావయ్యా,

రాయనక్కర్లేదన్నావు. రాస్తున్నాను. ఈ విషయంలో నీ పోలికే.

ముందు తప్పు ఒప్పుకుంటాను. నీకు చదువు రాదని రాయడం తప్పు. నాకు భయమేసింది, భయంలో చేతికి దొరికిన మాట రాసేశాను. ‘సున్నం’లో చివరి సున్నా నువ్వు ఎప్పుడూ మొదటి అక్షరానికి కూడా పెట్టేవాడివి, అది నాకు గుర్తుంది. మిగతాది ఎలా మర్చిపోయానో తెలియదు.

నువ్వు ఏం రాయాలో చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. చూసింది చెప్పడానికి.

పోయిన శుక్రవారం రైలెక్కి నీ యూనివర్సిటీకి వెళ్ళాను. నువ్వున్నప్పుడు రెండుసార్లే వచ్చాను, రెండుసార్లూ నీ గది చూసి, నీ దుప్పటి ఉతికి వచ్చేశాను. హాలు చూడలేదు. ఈసారి హాల్లోకి తీసుకెళ్ళమన్నాను. పెరట్లో గుంట కూడా చూశాను. మీద చెక్కమూత, దాని మీద తాళం. తాళం తీసి చూపించారు. సున్నం మీద నీళ్ళు సరిగ్గా నాలుగు వేళ్ళు. నీ శిష్యులు వంతులేసుకుని రోజూ వేళ్ళు ముంచి కొలుస్తున్నారు. ఆ స్థలం కావాలని వచ్చినవాళ్ళతో రెండుసార్లు పోట్లాడారట.

నీ గోడకు చెంప ఆనించి చూశాను. చల్లగా, నున్నగా ఉంది. దాని పక్కనే కిటికీ అవతల ఒక ముక్క ఉంది. నువ్వు వెళ్ళాక వాళ్ళు సొంతంగా పూసింది. అదే సున్నం, అదే ఇసుక, నువ్వు చెయ్యి కుదిరిందన్న నలుగురే పూశారు. మావయ్యా, అది నిండా పగుళ్ళు. ఎండిన చెరువులా ఉంది. ఏమైందని అడిగాను. పూత పూసి, పని అయిపోయిందని రెండు వారాలు సెలవుకు వెళ్ళిపోయారట. గోడ దగ్గర ఎవరూ లేరు.

అప్పుడు వాళ్ళు నాకు ఒక నోటు పుస్తకం తెచ్చి ఇచ్చారు. నువ్వున్నన్నాళ్ళూ రోజూ ఏం జరిగిందో అందులో రాసుకున్నారు. నువ్వు తాపీ పట్టని రోజున ‘ఏమీ చెయ్యలేదని రాయండి’ అని నువ్వే పట్టుబట్టేవాడివట. వాళ్ళు రాశారు. కొన్ని నీకోసం తెలుగులో ఎత్తి రాస్తున్నాను.

‘ఈరోజు మేస్త్రీ ఏమీ చెయ్యలేదు. గోడకు కప్పిన గోనెలు నాలుగుసార్లు తడిపాడు.’

‘మేస్త్రీ ఏమీ చెయ్యలేదు. కిటికీలన్నీ మూయించాడు. గాలి గోడను తాగేస్తుందన్నాడు.’

‘ఏమీ చెయ్యలేదు. వేలి కణుపుతో గోడ కొడుతూ ఈ చివరినుంచి ఆ చివరికి నడిచాడు. ఒకచోట మంచి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. మమ్మల్నీ వినమన్నాడు. మాకేమీ వినపడలేదు.’

‘ఏమీ చెయ్యలేదు. జ్వరంతో వచ్చాడు. వెళ్ళిపొమ్మంటే తిట్టాడు. ఏమని తిట్టాడో, మా భాషలోకి మార్చి చెప్పే మనిషి మాకు చెప్పనన్నాడు.’

‘ఏమీ చెయ్యలేదు. నీళ్ళ గడ్డ పగలగొట్టి, కుండలో వేడిచేసి, సున్నం రాళ్ళు ఒక్కొక్కటీ చేత్తో ఏరి పక్కన పెట్టాడు. సాయంత్రం దాకా ఏరాడు.’

నూట యాభైఒక్క రోజులకు నూట యాభైఒక్క ‘ఏమీ చెయ్యలేదు’లు ఉన్నాయి. ఒక్కటీ ఖాళీగా లేదు. పుస్తకం మొత్తం జిరాక్సు తీయించి, గడువు దగ్గరపడిందని కొరియర్లో పంపుతున్నాను. నా మాట నమ్మనక్కర్లేదు, టైపు మాస్టారితో చదివించుకో.

మా ల్యాబులో అచ్చు పోశాక ముప్పావుగంట కదలకూడదు. కదిపితే అచ్చు పగులుతుంది. ఆ ముప్పావుగంట మా యజమాని జీతంలో కోయడు. ఇదీ నువ్వు నేర్పిన పనే కదా, చిన్నప్పుడు నీ గోడ ముందు కూర్చోబెట్టి కదలకు అనేవాడివి. నేను ఆడుకోవడానికి లేస్తే ‘పని మధ్యలో ఎక్కడికి?’ అనేవాడివి. ఆ మాట నీకు గుర్తుందో లేదో. అప్పుడు నీ చేతిలో తాపీ లేదు.

సంతకం పెట్టు, మానుకో. నీ ఇష్టం. నీ తరఫున నేను పెట్టను.

నీ మేనకోడలు


మే 6

అమ్మాయికి, మీ మావయ్య రాసేది.

పుస్తకం చదివించుకున్నాను. టైపు మాస్టారికి రెండు రోజులు పట్టింది. కొట్టులో పనులన్నీ ఆపి చదివాడు. మధ్యలో ఒకచోట నవ్వాడు, ఆ తిట్టు దగ్గర. అది ఏం తిట్టో నాకు గుర్తుంది. నీకు చెప్పను.

ఆ నలుగురు వెధవలకు నా మాటగా చెప్పు. గోడ తడి ఆరకుండా సెలవుకు పోయినవాడు మేస్త్రీ కాడు. ఆ కిటికీ పక్క ముక్క మొత్తం చెక్కి తీసెయ్యమను. ఆ తర్వాత నేను వచ్చేదాకా ముట్టుకోవద్దను.

పన్ను ఆఫీసుకు వివరణ రాశాను. నేనే రాశాను, మన భాషలో. కింద టైపు మాస్టారు వాళ్ళ భాషలో కొట్టాడు. ఒక్క మాట కూడా మెత్తబరచవద్దని పక్కనే నిలబడి కొట్టించాను. నిన్న రిజిస్టర్ చేశాను. నీకు నకలు ఇది.

‘పన్ను ఆఫీసు వారికి, సున్నం పని చేసే మేస్త్రీ రాసేది.

మీ దేశంలో నా కాళ్ళు ఉన్నవి రెండువందల అరవైమూడు రోజులు. ఇది నిజం. సరిహద్దు ముద్రలు చూసి రాస్తున్నాను.

అందులో తాపీ తడిసింది నూటపన్నెండు రోజులు. ఇదీ నిజం. నా చెక్క మీద గీతలు చూసి రాస్తున్నాను.

మిగిలిన నూట యాభైఒక్క రోజులు పని సున్నం చేసింది. నేను దానికి కాపలా ఉన్నాను. అది పని కాదని మా నాన్న అన్నాడు. అది లేకపోతే గోడ పగిలిందని మీ దేశపు పిల్లలు చూపించారు. ఈ వయసులో మా నాన్న మాట కాదనడం నాకు తేలిక కాదు. అయినా కాదంటున్నాను. మీ గడిలో రెండువందల అరవైమూడు అని దిద్దుకోండి. దానికి ఎంత పన్ను అవుతుందో అంత కోసుకోండి.

తక్కువ కట్టాలని తక్కువ రాయలేదు. మా పనిలో రోజులు ఎక్కువ రాసేవాణ్ణి దొంగ అంటారు. తక్కువ రాసేవాణ్ణి కూడా అంటారని మీవల్లే తెలిసింది.

నాకు చదువు రాదని మా మేనకోడలు రాసిన ఉత్తరం పక్కన పెట్టండి. నాకు ఆమే చదువు చెప్పింది. కాబట్టి బాధ్యతగల వేరే వ్యక్తి సంతకం అక్కర్లేదు. కింద ఉన్నది నా సంతకం.

ఈ కాగితం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఈ మూడు రోజులూ తాపీ ముట్టలేదు. ఇవి ఎవరి లెక్కలో వెయ్యాలో తెలియజేయగలరు.’

అంతే. దండాలు, దయచేసిలు పెట్టలేదు. పెట్టమని టైపు మాస్టారు గొణిగాడు.

నీ మీద కోపం పోయిందా అని అడుగుతావు. సగం పోయింది. మిగతా సగం నువ్వు దుప్పటి ఉతికిన సంగతి గుర్తుకొచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం పోతోంది.

మీ మావయ్య


జూలై 18

అమ్మాయికి,

నిన్న మీ దేశం నుంచి మళ్ళీ ఖాకీ కవరు వచ్చింది. ఈసారి నేను సంబరంగా చించలేదు. టైపు మాస్టారే చించాడు.

రెండే వాక్యాలు. వివరణ అంగీకరించడమైనది. రోజులు రెండువందల అరవైమూడుగా సవరించి దాఖలు పూర్తిచేయడమైనది. ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. మూడు రోజులు కూర్చుని రాసినదానికి రెండు వాక్యాలా? నేను అడిగిన ప్రశ్నకు జవాబేదీ? ఆ మూడు రోజులు ఎవరి లెక్కలో వెయ్యాలో ఎక్కడా చెప్పలేదు. మళ్ళీ రాసి అడుగుతానంటే టైపు మాస్టారు చేతులు జోడించాడు. నీ కోసమని మానుకున్నాను.

మధ్యాహ్నం యూనివర్సిటీ కవరు కూడా వచ్చింది. అనుమతి పత్రం, టిక్కెట్టు. సెప్టెంబరు రెండున దిగుతాను. చొక్కాలు దర్జీ దగ్గరనుంచి తెచ్చుకున్నాను, భుజాల దగ్గర బిగువు కుట్టాడు, మళ్ళీ ఇచ్చాను.

చెక్క కొత్తది చేయించుకోమని ఇక్కడ కుర్ర మేస్త్రీలు అంటున్నారు. పాతదాని వీపు మీద చోటు లేదు. నేను వినలేదు. అంచుల మీద చోటుంది. మొన్న ఒక పూట కూర్చుని నూట యాభైఒక్క గీతలు చెక్కాను. చిన్నవే. మా నాన్న చెక్కిన లొట్ట దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆగింది. దాని జోలికి పోలేదు, చుట్టూ తిప్పి చెక్కాను. బొటనవేలు పెట్టుకోవడానికి ఆ చోటు నాకు కావాలి.

ఈసారి దిగిన రోజే మొదటి గీత పెడతాను. విమానం దిగే దగ్గరికి నువ్వు వస్తే చెక్క నువ్వే పట్టుకుని ఉండు, నేను గీస్తాను. ఆ రోజు ఇద్దరం ఏమీ చెయ్యం.

సున్నం మీద నీళ్ళు నాలుగు వేళ్ళకు తగ్గనివ్వొద్దని వాళ్ళకు చెప్పు. వేళ్ళు పెద్దవాళ్ళవి అయి ఉండాలి.

మీ మావయ్య